దొరపసందుకు ధ్రువపత్రం

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు విహారానికని ఎవరూ వెళ్ళరు. పెళ్ళికో, భూమి కాగితాలకో, చావుకో వెళతారు. నేను ఒక మామిడి మొక్క కోసం వెళ్ళాను. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కాలు మూడు పాడయ్యాయి, మా వంశ చరిత్ర ఒక అధ్యాయం మేర తడిసింది. చొక్కాలు చాకలికి వేశాను. రెండోదాని సంగతి ఇది.

మాది ఎల్లారెడ్డికి అవతల ఒక చిన్న ఊరి గడీ. గడీ అంటే తెలియనివాళ్ళకు చెబుతున్నాను: ఆ వైపు దొరల కోటలాంటి ఇల్లు. ఇప్పుడు లేదు. దాని టేకు తలుపులు హైదరాబాదులో ఒక హోటలు ముఖద్వారానికి ఉన్నాయి. ఒకసారి మా తలుపుల గుండా లోపలికి పోవడానికి నేను కాఫీ కొనుక్కోవలసి వచ్చింది. నేను ధార్వాడలో బ్యాంకు గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. గడీ నుంచి నాకు మిగిలినవి రెండే. ఒకటి, కుర్చీలో వెనక్కి వాలకుండా కూర్చునే అలవాటు. రెండోది, గడీ పెరట్లో మా ముత్తాత నాటించిన ఒకే ఒక మామిడి చెట్టు. దాని పేరు దొరపసందు. పెరడు ఎప్పుడో అమ్ముడైంది కనుక చెట్టు కూడా నాది కాదు. పేరు మాత్రం నాదేనని నా నమ్మకం.

ధార్వాడ దగ్గర ఒక తోటలో దక్కను పాత మామిడి రకాలను సేకరించి కాపాడుతున్నారు. ఒక్కో చెట్టు ముందు రాతి పలక ఉంటుంది: రకం పేరు, ఎక్కడిది, ఎవరిది. ఆ పలకలు చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దొరపసందు గురించి ఆరు పేజీల ఉత్తరం రాశాను. వాళ్ళు ఆరు వరుసల్లో జవాబిచ్చారు. వచ్చే ఏడాది వానాకాలం ముగిసేలోపు ఒక అంటు మొక్క తెండి, పలక వేస్తాం. మొక్క బయలుదేరే చోటి ఉద్యాన అధికారి తల్లి చెట్టునూ మొక్కనూ చూసి ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. అది లేని మొక్క గేటు దాటదు.

పోయిన వానాకాలంలోనే పెరటి ప్రస్తుత యజమాని గంగారాంకు ఫోను చేసి, ఆ చెట్టు పుల్లలతో రెండు అంట్లు కట్టించమన్నాను. కట్టించాడు. ఈ ఆషాఢంలో అతనే ఫోను చేశాడు. "సార్, ఇల్లు మొదలువెడుతున్న. శుక్రవారం చెట్టు కొట్టిస్త. మీ మొక్కలు తీస్కపోండ్రి."

అంటే శుక్రవారం తర్వాత ప్రపంచంలో దొరపసందు అనేది ఆ రెండు కుండీల్లోనే ఉంటుంది. ధ్రువపత్రం ఫారం ఇంట్లోనే కూర్చుని ఇంకు పెన్నుతో నింపాను. రకం: దొరపసందు. తల్లి చెట్టు ఎవరిది: మా ఇంటిపేరు, పూర్తిగా, బిరుదుతో సహా. ఆదివారం రాత్రి బయలుదేరాను.

కామారెడ్డి: గడీ అంటే దాబానా?

కామారెడ్డిలో దిగేసరికి ముసురు. స్టేషను బయట బెల్లం దుకాణాల ముందు పరదాలు దించి ఉన్నాయి. పరదా సందుల్లోంచి కూడా ఈగలకు దారి తెలుసు. పదిహేను రూపాయలకు ఇరానీ చాయ్ తాగాను. ధార్వాడలో ఆ డబ్బుకు మూడు గుటకలు వస్తాయి. ఇక్కడ గ్లాసు నిండా పోసి, సాసరులో ఇంకొంచెం ఒలకబోసి, ఒలికింది కూడా తాగమంటారు. సాసరులోది తాగడం మా ఇంట్లో నామోషీ. ఎవరూ చూడడం లేదని తేల్చుకుని తాగాను. చాయ్‌వాలా చూస్తున్నాడు.

ఉద్యాన శాఖ ఆఫీసులో అటెండరుకు నా పేరు చెప్పాను. ఇంటిపేరు కొంచెం నొక్కాను. యాభై ఏళ్ళ కిందట ఆ పేరు వింటే ఈ జిల్లాలో మనుషులు చెప్పులు విడిచేవారు. అతను రాసుకున్నాడు.

"ఏ ఊరు సార్?"

ఊరు చెప్పి, "గడీ వాళ్ళం" అన్నాను.

"గడీ అంటే భిక్నూర్ కాడి దాబానా సార్? బిర్యానీ మంచిగుంటది."

కాదన్నాను. కూర్చోమన్నాడు. అక్కడున్న బల్లకు ఆనుకునే చోటు లేదు. నాకు అది అవసరం లేదు. రెండు గంటలు నిటారుగా కూర్చున్నాను. నాకంటే వెనక వచ్చిన పాలీహౌసు రైతులు ముగ్గురు నాకంటే ముందు లోపలికి పోయారు.

అధికారి పేరు సుజాత. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మెడలో తాడుకు ఐడీ కార్డుతో పాటు ఒక భూతద్దం వేలాడుతోంది. నా ఫారం చదివి, "ఎంత మంచి రైటింగ్ సార్" అంది. ఆ తర్వాత, "చెట్టు జూడకుంట మాత్రం రాయ" అంది.

"చెట్టును చూడడానికేముంది? నూరేళ్ళ చెట్టు. మంచి వంశం."

"వంశం గాదు సార్, పురుగు జూడాలె." ఆమె భూతద్దం తిప్పుతూ చెప్పింది. "మొక్క ఒక్కతే పోదు. ఆకు కింద పురుగు పోతది, పుల్లల తెగులు పోతది, మట్టిల చెదలు పోతది. అక్కడ తోట నిండ పాత చెట్లున్నయంటిరి. మీదొక్కటి జబ్బుతోని పోయిందనుకోండ్రి, అన్నిటికంటుతది. అప్పుడు వాళ్ళు అడిగేది మిమ్మల్ని గాదు, సంతకం వెట్టిన నన్ను."

ఇక్కడే నేను ఊరుకోవలసింది. ఊరుకోకుండా ఛాతీ విరిచి చెప్పాను: "ఈ పద్ధతి మాకు కొత్త కాదమ్మా. మా తాతగారి కాలంలో మా తోట నుంచి ఆకు బయటికి పోవాలన్నా ఆయన చిట్టీ ఉండాలి. చిట్టీ లేనిదే గేటు దగ్గర జవాను వదిలేవాడు కాదు."

సుజాత నా వైపు ఆసక్తిగా చూసింది. "పురుగును జూసి ఇస్తుండెనా సార్, మనిషిని జూసి ఇస్తుండెనా?"

నేను ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను. బుధవారం ఎల్లారెడ్డి దిక్కు వస్తానని, చెట్టు దగ్గరే ఉండమని ఆమె చెప్పింది.

లింగంపేట దారి: సగం కంకి

మర్నాడు ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. కిటికీ అద్దం సగమే పైకొస్తుంది, మిగతా సగంలోంచి వాన వస్తుంది. తడవని సీటు కోసం వెతికి, తడిసిన సీట్లోనే కూర్చున్నాను. పక్కన బీడీలు చుట్టే ఒక నడివయసు ఆమె, ఒడిలో తునికాకు కట్టలు. లింగంపేటలో దిగాలట. బయట మక్క చేలు, మన మొక్కజొన్నే, మనిషి ఎత్తున ఉన్నాయి. బస్సు ఆగిన చోట నిప్పుల మీద కాల్చిన మక్క కంకులు కిటికీల్లోకి వస్తున్నాయి, ఒకటి ఇరవై. నేను కొనలేదు. నలుగురిలో కంకి కొరకడం, పైగా బస్సులో. ఆమె ఒకటి కొని, సగానికి విరిచి, అడగకుండానే నా చేతిలో పెట్టింది.

"తినుండ్రి. గంత బిగవట్టుకోని కూసుంటె నడుం వడతది."

తింటూ ఎక్కడికి, ఎందుకు అని అడిగితే చెప్పాను. దొరపసందు గొప్ప చెప్పడానికి మా ఇంటి ఆచారం కూడా చెప్పాను. గడీలో అతిథికి ఆ పండు కోసి పెడితే టెంక తిరిగి రావాలి. టెంకలన్నీ గంగాళంలో వేసి ఉడకబెట్టి పారేసేవారు, ఇంకెక్కడా మొలవకుండా. ప్రపంచంలో ఆ చెట్టు ఒక్కటే ఉండాలని మా తాత పట్టుదల.

ఆమె కంకి నమలడం ఆపింది. "టెంకలు ఉడుకవెట్టిండ్రా?"

"అవును."

"టెంకలకు కావలున్నరు సరే. కొమ్మలకెవలున్నరు?"

నేను నవ్వాను. తెలియనివాళ్ళు అలాగే అంటారు అనుకున్నాను. ఆమె లింగంపేటలో దిగిపోయింది. దిగేటప్పుడు నా చొక్కాకు అంటిన మసిని చూపించింది. తుడవబోతే ఇంకా పరుచుకుంది.

ఎల్లారెడ్డి అవతల: ప్లాస్టిక్ కుర్చీ

ఎల్లారెడ్డిలో లాడ్జిలో సామాను పెట్టి ఆటోలో మా ఊరు పోయాను. మా ఊరు అంటున్నాను. ఊరు అలా అనుకోవడం లేదని దిగగానే తెలిసింది. నన్ను చూసి లేచింది ఒక కుక్క ఒక్కటే.

గంగారాం ఇరవై రెండేళ్ళు మస్కట్‌లో పని చేసి వచ్చి మా పెరడు కొన్నాడు. వాళ్ళ నాయన పెంటయ్య మా గడీ తోటలో జీతగాడు. నన్ను "సార్" అన్నాడు. "దొరా" అనలేదు. అనకూడదనే నా అభిప్రాయం కూడా. అయినా చెవులు ఎదురుచూశాయి. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. దానికి వెనక ఆనుకునే చోటు ఉంది. నేను ఆనుకోలేదు.

వాళ్ళ పాత ఇంటి అరుగు మీద అతని తల్లి లచ్చవ్వ చేటలో బీడీలు చుడుతోంది. ఎనభైకి దగ్గర. నా చిన్నప్పుడు మా గడీ ఊడ్చేది. నన్ను చూడగానే లేవబోయి, సగంలో మళ్ళీ కూర్చుంది.

"లేవాల్నని ఉన్నది చిన్నదొరా. మోకాళ్ళు ఇంటలేవు."

"కూర్చో లచ్చవ్వా, కూర్చో" అన్నాను, పెద్ద మనసుతో. ఆమె అప్పటికే కూర్చుని మూడో బీడీ చుడుతోంది.

చెట్టు చూశాను. నేను మోసుకొచ్చిన ఆరు పేజీల వర్ణనకూ దానికీ పోలిక లేదు. చివరి కొమ్మలు ఎండిపోయి ఉన్నాయి. కాయక ఆరేళ్ళయిందని గంగారాం అన్నాడు. కింద రెండు కుండీల్లో నా అంట్లు. ఒక దానికి నాలుగు ఆకులు, ఇంకోదానికి మూడు. నాకు మాత్రం అవి యువరాజుల్లా కనిపించాయి. చెట్టు మొదట్లో మట్టి గుప్పెడు తీసి, ఇంటి నుంచి తెచ్చిన పట్టుసంచిలో పోసుకున్నాను. దొరపసందు కొత్త చోట మా మట్టిలోనే వేరు పెట్టాలని నా ఊహ. గంగారాం చూసి, చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. మస్కట్ మనిషికి మర్యాద నేర్పింది.

బుధవారం: పొట్టు

సుజాత స్కూటీ మీద, రెయిన్‌కోటులో వచ్చింది. చెట్టు చుట్టూ దణ్ణం పెట్టినంత శ్రద్ధగా తిరిగి చూసింది. మొదట్లో వంగి, బెరడు మీద ఒక కన్నం దగ్గర వేలు పెట్టి తీసింది. వేలికి రంపపు పొట్టులాంటిది అంటుకుంది.

"కాండం తొలిచే పురుగు సార్. లోపల గుల్ల జేసింది. పైకెల్లి ఎండు తెగులు." తర్వాత కుండీల దగ్గర కూర్చుని అతుకు చోట భూతద్దం పెట్టింది. "పుల్ల తోనే వచ్చింది తెగులు. సూడుండ్రి, అతుకు కాడ నల్లగ."

చూశాను. భూతద్దంలో మా వంశం నల్లగా ఉంది.

"మందు కొడితే?"

"చెట్టు బతికితె బతుకుతది. కాయితం మాత్రం ఇయ్య. దీని పుల్ల గూడ ఊరు దాటొద్దు సార్." గంగారాం వైపు తిరిగింది. "కొట్టినంక కట్టె అమ్ముకోకు అన్నా. ఇక్కడనే కాలవెట్టు. లేకుంటె పురుగు కట్టెతోని పోతది."

నేను బయలుదేరినప్పుడు నా లోపలి ఆలోచన ఒకటి ఉండేది. గంగారాంను ఒప్పించి, ఇల్లు కొంచెం పక్కకు జరిపించి, చెట్టును నిలబెట్టాలని. అందుకు ఒక ప్రసంగం కూడా తయారుచేసుకున్నాను. అది జేబులోనే ఉంది. గంగారాం నా వైపే చూస్తున్నాడు.

"కొట్టించేయ్" అన్నాను.

పేరు కాపాడడానికి వచ్చి, చెట్టుకు చావు చిట్టీ రాసిచ్చాను. ఇక ధార్వాడకు వట్టి చేతులతో పోయి, అక్కడ మా ఎదురింటి పెద్దమనిషికి ఏం చెప్పాలో ఆలోచిస్తూ నిలబడ్డాను. బయలుదేరే ముందే అతన్ని తోటకు తీసుకెళ్ళి, పలక వేసే చోటు కూడా చూపించి ఉన్నాను.

"అన్నం తిని పోండ్రి" అంది లచ్చవ్వ. "మేడమ్, నువ్వు గూడ."

అరుగు మీద: తొక్కు

జొన్నరొట్టె, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. ధార్వాడ జొన్నరొట్టె పలచగా, కాగితంలా ఉంటుంది. వంకాయ కూర లేనిదే అక్కడివాళ్ళు ముట్టరు. ఇక్కడి రొట్టె మందం, అరచేతుల గుర్తులు దాని మీద ఉంటాయి, తొక్కు చాలు. నేను కింద కూర్చోను కనుక ప్లాస్టిక్ కుర్చీలోనే, పళ్ళెం మోకాళ్ళ మీద పెట్టుకుని, రొట్టె తుంచి తొక్కు అద్ది నోట్లో పెట్టుకున్నాను.

పులుపు ముందు వచ్చింది. ఆ తర్వాత నాలుక వెనక ఎక్కడో పచ్చకర్పూరం వాసన, సన్నగా. ఆ వాసన నేను అరవై ఏళ్ళుగా మనుషులకు మాటల్లో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాను. ఉత్తరంలో దానికే ఒక పేజీ ఖర్చు పెట్టాను.

"ఈ మామిడికాయ ఎక్కడిది?"

గంగారాంకు దగ్గు వచ్చింది. లచ్చవ్వ చేట వైపు చూసింది. "అంగట్ల కొన్నం."

"ఏ అంగట్లో?"

"ఎల్లారెడ్డి అంగట్ల."

"లచ్చవ్వా, ఈ వాసన ప్రపంచంలో ఒక్క చెట్టుకే ఉంది. ఆ చెట్టు కాయక ఆరేళ్ళయింది."

"చెప్పరాదే అవ్వా" అన్నాడు గంగారాం నవ్వు ఆపుకుంటూ. "ఇప్పుడేమంటడు? గడీ ముంగట ఎండల నిలవెడుతడా? గడీ యాడున్నది?"

"నువ్వు నోర్మూయి." ఆమె నా వైపు తిరిగింది. "కోపం జెయ్యవు గదా?"

"చెయ్యను."

"ఒట్టు?"

"మా వంశం మీద ఒట్టు."

"వంశం మీద వద్దు తియ్. తొక్కు మీద వెయ్."

వేశాను. అప్పుడు చెప్పింది.

"వీడు కడుపుల ఉన్నప్పటి ముచ్చట. ఆకులూడ్తుంటె పండొకటి రాలింది. తినబుద్ధయింది. కొంగుల వేసుకున్న. మీ నాయనమ్మ సూసి, కొంగులకెల్లి తీస్కపోయి నీకు కోసి వెట్టింది. నువ్వు గద్దె మీద కూసోని తిన్నవు. టెంక ఉడుకవెట్టనీకె మళ్ళ నాకే ఇచ్చిండ్రు."

నాకు గుర్తు లేదు. పదేళ్ళవాడిని. గుర్తున్నదల్లా ఆ వాసన.

"ఆ యేడే వానలు వడ్డంక, ఒక పొద్దుమీకి, నాలుగు పుల్లలు ఇరిసిన. గేటు కాడ జవాను కొంగు దులిపిచ్చెటోడు, గంప బోర్లిచ్చెటోడు. కొప్పు ఎవ్వలు సూడకపోదురు. పుల్లలు కొప్పుల వెట్టి, మీదికెల్లి బంతిపువ్వు వెట్టుకున్న. మా ఆయన మీ తోటలనే అంట్లు కట్టుడు నేర్చిండు గదా, రాత్రికి రాత్రి కట్టిండు." బీడీకి దారం చుట్టి తెంపింది. "పండు ఇయ్యకపోతిరి. చెట్టే తెచ్చుకున్న."

అంతా విన్నాక, నా నోట్లోంచి వచ్చిన ప్రశ్న ఇది, సిగ్గుపడుతూ రాస్తున్నాను: "బంతిపువ్వు కూడా మాదేనా?"

"మీదే" అంది లచ్చవ్వ.

సుజాత రొట్టె పక్కన పెట్టి పగలబడి నవ్వింది. నవ్వు ఆగాక, "ఇప్పుడు ఆ చెట్టేది అవ్వా?" అని అడిగింది.

"ఏదంటె? గూడెంల ఇంటికొకటున్నది. ఆడివిల్లకు ఒడిబియ్యం పోసినప్పుడు ఒక మొక్క వెడుతం. లింగంపేటకు పోయింది, మెదక్ దిక్కు పోయింది, మద్నూర్‌కు పోయింది. కొప్పు మామిడి అంటం."

సుజాత మొహంలో నవ్వు మారింది. "మాది మద్నూరే. మా ఇంటెనక చెట్టు... మా నాయనమ్మ మరాఠీల అంబాడ్యాచా ఆంబా అంటుండె. కొప్పు మామిడి. ఆ పేరెందుకో ఎవరికీ తెల్వకపోయె." మెడలో భూతద్దం సర్దుకుని, మళ్ళీ అధికారి అయింది. "ఇన్ని ఊర్లు కాయితం లేకుంటనే పోయిందా?"

"ఏం కాయితం బిడ్డా? కొప్పుండె గదా."

లచ్చవ్వ పెరడు: చిట్టీ

ఇంటి వెనక ఆ చెట్టు ఉంది. కన్నాల్లేని బెరడు, నిండా ఆకు. దాని కింద కొట్టంలో, ఈ యేడు ఒడిబియ్యాలకని లచ్చవ్వ తన చేత్తో కట్టిన అంట్లు అయిదు. అతుకులు మాని, చిగురు రాగిరంగులో ఉంది. ఒక ఆకు నలిపి వాసన చూశాను. మిగతా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు నేను ఒక మాట అడగాలి. మా ఇంట్లో ఆ మాట అనే అలవాటు లేదు. "పంపించండి" అనేవాళ్ళం, "పెట్టి పోండి" అనేవాళ్ళం. "ఇస్తావా" అనే క్రియ మా నోటికి రాదు. నిలబడి, గొంతు సవరించుకుని, రెండుసార్లు మొదలుపెట్టి, వాతావరణం గురించి ఏదో అన్నాను.

"ఏంది, మొక్క గావాల్నా?" అంది లచ్చవ్వ.

"ఒకటి... ఇస్తావా?"

ఆమె బోసినోటితో నవ్వింది. "చిట్టీ ఉన్నదా?"

గంగారాం గోడవైపు తిరిగిపోయాడు, భుజాలు కదులుతున్నాయి. నేను నా ఆరు పేజీల ఉత్తరం నకలు వెనక, ఇంకు పెన్నుతో రాశాను: లచ్చవ్వ పెరటి నుంచి ఒక కొప్పు మామిడి అంటు, ఆమె ఇష్టంతో బయటికి పోతున్నది. ఆమె సంతకం పెట్టింది. బీడీల పాసుబుక్కు మీద పెట్టీ పెట్టీ సంతకం కుదిరిందట. నాకంటే వేగంగా పెట్టింది. చిట్టీని మడిచి నాకివ్వలేదు, తన సంచిలో దాచుకుంది.

సుజాత తల్లి చెట్టు చూసింది, మొక్క చూసింది, ఆకుల అడుగున చూసింది. కుండీలోంచి మొక్కను తీయించి, వేళ్ళ మట్టి నీళ్ళతో కడిగించి, కొబ్బరిపొట్టులో పెట్టించింది. అప్పుడు ఆమె చూపు నా పట్టుసంచి మీద పడింది.

"అండ్ల ఏంది సార్?"

"మా గడీ మట్టి."

"పోయుండ్రి."

"గుప్పెడే. జ్ఞాపకానికి."

"పోయుండ్రి సార్."

పోశాను. మట్టిలోంచి తెల్లటి, లావుపాటి వేరుపురుగు ఒకటి బయటపడి, బద్ధకంగా ముడుచుకుంది. మా పూర్వీకుల మట్టిలోంచి నాతోపాటు ధార్వాడ రావడానికి సిద్ధపడ్డవాడు అతనొక్కడే. లచ్చవ్వ కోడి అతన్ని తినేసింది.

ఫారం కొత్తది కావలసి వచ్చింది. నేను నింపుకొచ్చిన దాంట్లో నిజం ఒక్కటే ఉంది, తేదీ, అదీ పాతది. సుజాత అడుగుతూ రాసింది. రకం: కొప్పు మామిడి. తల్లి చెట్టు ఎవరిది: లచ్చవ్వ. తీసుకువెళ్ళే వ్యక్తి: నేను.

"ఇంకో పేరు గూడ రాయొచ్చు సార్. దొరపసందు అని. రాయాల్నా?"

రాయమనే అనబోయాను. అంతలో లచ్చవ్వ, "రాయి బిడ్డా. పాపం, గంత దూరమెల్లి వచ్చిండు" అంది.

ఆ 'పాపం' వినగానే నాకు పౌరుషం వచ్చింది. "అక్కరలేదు" అన్నాను. మా వంశంలో చాలా ఆస్తి ఇలాగే పోయింది.

బయలుదేరేటప్పుడు మొక్కను గంగారాం ఆటోలో పెట్టాడు. లచ్చవ్వ ఈసారి మోకాళ్ళను ఒప్పించి లేచి వచ్చింది. నా బట్టతలను నిదానంగా చూసింది.

"నీకు కొప్పు లేకపాయె. అందుకే గిన్ని కాయితాలు."

ధార్వాడ: గేటు

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికి ఒక్కటే ఉంది. ధ్రువపత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, అడగగానే తీయడానికి వీలుగా పై జేబులో పెట్టుకున్నాను. బస్సులో ఎవరూ అడగలేదు. రైల్లో ఎవరూ అడగలేదు. రాష్ట్రం దాటినా ఎవరూ అడగలేదు. టికెట్లు చూసేవాడికి నేనే చూపించబోతే, "టికెట్ చూపించండి చాలు" అన్నాడు. శుక్రవారం పొద్దున, గంగారాం పెరట్లో రంపం మొదలై ఉండే వేళకు, కొబ్బరిపొట్టు కుండీని పొట్టకు ఆనించుకుని ధార్వాడలో ఆటో దిగాను. కుండీ బరువుకు నేను ముందుకు వంగి నడుస్తున్నానని తోట గేటు పక్క గది కిటికీ అద్దంలో చూసుకున్నాక తెలిసింది. సర్దుకునేందుకు చేతులు ఖాళీ లేవు.

గేటు దగ్గర కాపలాదారు అడిగాడు. మొత్తం ప్రయాణంలో అడిగిన ఒకే ఒక మనిషి. పై జేబులోంచి అతన్నే తీసుకోమన్నాను. కాగితం విప్పి, వేలు పెట్టి, కన్నడ యాసలో కూడబలుక్కుంటూ చదివాడు. రకం చదివాడు. ఊరు చదివాడు. తల్లి చెట్టు ఎవరిదో చదివాడు. తలెత్తి నన్ను, మసి మరక చొక్కాను, కుండీని చూశాడు.

"ఈ లచ్చవ్వగారు మీకేమవుతారు? మీరెవరు?"

ఆ ప్రశ్న కోసం నా దగ్గర అరవై ఏళ్ళుగా ఒక జవాబు సిద్ధంగా ఉంది, బిరుదుతో సహా. కుండీ చేతుల్లోంచి జారుతోంది.

"మోసుకొచ్చినవాణ్ణి" అన్నాను.

గేటు తీశాడు.